బ్యాండ్‌లో ఒకరి మాట ఒకరికి పడనప్పుడు రాక్ పాట కట్టడం ఎలా

కాలేజీ ఫెస్ట్ దగ్గర పడిందంటే నాకు ఒకే రకం మెసేజ్‌లు వస్తాయి. "అన్నా, సామాజిక సమస్య మీద సొంత పాట చెయ్యాలి. మా బ్యాండ్‌లో ఒక్కొక్కడు ఒక్కోటి అంటున్నాడు. పాట ముందుకి కదలట్లేదు." ఇన్నాళ్ళూ ముక్కలు ముక్కలుగా జవాబిచ్చాను. ఈసారి మొదటి నుంచి చివరి దాకా వరసగా రాస్తున్నాను.

నా సలహా ఒక్కటే. గొడవ తీరాక పాట రాద్దాం అని ఆగకండి, ఆ గొడవనే పాటగా కట్టండి. ముగ్గురు కూర్చుని రాజీ పడి రాసిన పాట ఎవరిదీ కాకుండా పోతుంది. వినేవాడికి ఆ సంగతి రెండో లైన్లోనే తెలిసిపోతుంది.

ఉదాహరణకి ఓటు విషయం తీసుకుంటున్నాను. మీరు కట్నం మీదో, ఫారిన్ చదువు మీదో, ఇంగ్లిష్ మీడియం మీదో చేసినా పద్ధతి ఇదే.

మొదలుపెట్టే ముందు ఇవి ఉండాలి:
- భిన్నంగా ఆలోచించే కనీసం ముగ్గురు. అందరూ పాడగలగాలి, గొప్పగా పాడక్కర్లేదు.
- గిటార్, బేస్, డ్రమ్స్. డ్రమ్స్ లేకపోతే కహోన్ (మీద కూర్చుని చేతులతో వాయించే చెక్కపెట్టె) అయినా చాలు.
- ఫోన్ రికార్డర్, మెట్రోనోమ్ యాప్ (లయ తప్పకుండా టిక్ టిక్ కొట్టేది), ఒక నోట్‌బుక్.
- మూడు వారాలు. వారంలో అయిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

## 1. సమస్యని ఒక రోజుకి, ఒక వస్తువుకి కుదించండి

"యువత, రాజకీయాలు" అని పేజీ పైన రాసుకున్నారంటే పాట అక్కడే ఆగిపోతుంది. అది వ్యాసరచన పోటీ టాపిక్. పాటకి ఒక రోజు కావాలి, చేత్తో పట్టుకోగల వస్తువు ఒకటి కావాలి.

మేం తీసుకున్న రోజు 2024 మే 13. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఒకే రోజు పోలింగ్. దానికి ముందు రెండు రోజులూ హైదరాబాద్ నుంచి ఊళ్ళకి వెళ్ళే బస్సులు, రైళ్ళు ఎలా ఉన్నాయో ఎక్కినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మేం తీసుకున్న వస్తువు సిరా చుక్క. దాన్ని ఎడమ చూపుడు వేలికి పెడతారు. కుడిచేతి వాటం గిటారిస్టు గిటార్ మెడ మీద తీగ నొక్కేది కూడా ఆ వేలితోనే. ఈ సంగతి తట్టిన రోజు పాట సగం అయిపోయిందనిపించింది.

ఇలా సరిచూసుకోండి:
- మీ సమస్యకి ఒక తేదీ, ఒక చోటు ఉన్నాయా?
- స్టేజి మీద చూపించగల వస్తువు ఉందా?
- ఆ వస్తువు గురించి బ్యాండ్‌లో కనీసం ఇద్దరు రెండు రకాలుగా మాట్లాడతారా? అందరూ ఒకటే అంటే వేరే సమస్య చూసుకోండి.

## 2. ఒకరి మాట ఒకరు రికార్డ్ చెయ్యండి

ఇది చాలా బ్యాండ్లు వదిలేసే మెట్టు. పాటలు చచ్చిపోయేది కూడా దీన్ని వదిలేసినందుకే.

మా మొదటి ప్రయత్నంలో లిరిక్స్ అన్నీ నేనే రాశాను. ఓటు దండగ అనే మా బేసిస్టు తరఫున కూడా నేనే రాసి ఇచ్చాను. వాడు రెండుసార్లు పాడి కాగితం పక్కన పెట్టేశాడు. "ఒరేయ్, ఇది నేననే మాట కాదు. నేనంటానని నువ్వు అనుకునే మాట." నిజమే. వాణ్ని ఓడించడానికి వీలుగా ఉన్న మాటలే వాడి నోట్లో పెట్టాను.

అందుకని ఇలా చెయ్యండి.

ఇద్దరిద్దరుగా కూర్చోండి. ఒకరు పది నిమిషాలు మాట్లాడాలి, రెండోవాళ్ళు రికార్డ్ చేస్తూ వినాలి. "ఎందుకలా?", "ఎప్పట్నించి?", "ఆ రోజు ఏం జరిగింది?" తప్ప వేరే ప్రశ్నలు వద్దు. వాదన అసలు వద్దు.

తర్వాత రికార్డింగ్ విని ఉన్నదున్నట్టు రాయండి, "అంటే", "మరి", "అబ్బే" లతో సహా. అందులో వస్తువు ఉన్న వాక్యాల కింద గీత గీయండి. "వ్యవస్థ మీద నమ్మకం పోయింది" కింద వద్దు. "ఎవడొచ్చినా నా రూమ్ అద్దె తగ్గలేదు" కింద గీయండి.

చివరగా, విన్నవాళ్ళు ఎదుటివాళ్ళ అభిప్రాయాన్ని రెండు వాక్యాల్లో తిరిగి చెప్పాలి. అసలు మనిషి "హా, నేననేది ఇదే" అనేదాకా మళ్ళీ మళ్ళీ చెప్పాలి. మాకు నాలుగో సారికి కుదిరింది.

## 3. ఎవరు ఎక్కడ నిలబడతారో తేల్చండి

ముగ్గురు మూడు రకాలుగా మాట్లాడుతూ ఒకే కథ నడిపించే పద్ధతి మనకి ఎప్పట్నించో ఉంది. బుర్రకథలో మధ్యన తంబురాతో కథకుడు, చెరో పక్కన వంతలు ఉంటారు. ఒక వంత హాస్యం, ఇంకో వంత రాజకీయం. కథకుడి మాటకి అడ్డు తగలడం, ఎదురు ప్రశ్న వెయ్యడం వాళ్ళ పని. రాక్ బ్యాండ్‌కి ఇంతకన్నా మంచి నమూనా నాకు కనబడలేదు.

మా పాటలో మూడు గొంతులు ఇవి:
- విసుగు గొంతు: ఎవడొచ్చినా ఒకటే అనేవాడు.
- బస్సు గొంతు: రాత్రంతా నిలబడి ఊరెళ్ళి ఓటేసొచ్చిన అమ్మాయి.
- నోటు గొంతు: డబ్బు తీసుకుని, నచ్చినవాడికే ఓటేసినవాడు.

మూడో గొంతు పెట్టాలా వద్దా అని మేం తెగ కొట్టుకున్నాం. డబ్బు ఇవ్వడమే కాదు, తీసుకోవడం కూడా చట్టప్రకారం నేరమే. అయినా ఉంచాం. హాల్లో కూర్చున్నవాళ్ళలో సగంమంది ఇళ్ళల్లో వినిపించే మాట అది. అది లేకపోతే మిగతా రెండూ బుద్ధిమంతుల వక్తృత్వ పోటీలా ఉంటాయి.

ఇద్దరితో చేస్తే తప్పొప్పుల పంచాయితీ అవుతుంది. ముగ్గురుంటే వినేవాడు ఎవరి పక్షమో తేల్చుకోలేక ఇబ్బంది పడతాడు. ఆ ఇబ్బందే మనకి కావాలి.

## 4. మాత్రలు లెక్కపెట్టి లైన్లు రాయండి

ఎక్కువ టైమ్ ఇక్కడ పెట్టండి. "తెలుగులో రాక్ కుదరదన్నా, మాటలు సాగిపోతాయి" అనేవాళ్ళు నూటికి తొంభై మంది మాత్రలు లెక్కపెట్టనివాళ్ళే.

లెక్క తేలికే. హ్రస్వానికి 1. దీర్ఘానికి 2. సున్నా గానీ పొల్లు గానీ ఉన్న అక్షరానికి 2. తర్వాత ఒత్తక్షరం వస్తే, దాని ముందున్న అక్షరానికి 2. అంటే "ఫీజు" 3, "కట్నం" 4, "ఉద్యోగం" 6, "రిజర్వేషన్" 7.

మామూలు నాలుగు బీట్ల రాక్‌కి నాలుగేసి మాత్రల గణాలు అతికినట్టు సరిపోతాయి. లైన్‌కి నాలుగు గణాలు, మొత్తం 16 మాత్రలు. ఛందస్సు చదువుకున్నవాళ్ళు దీన్ని మధురగతి రగడ నడక అంటారు. బార్ అంటే నాలుగు బీట్లు. మాత్రకి అర బీట్ చొప్పున లైన్ సరిగ్గా రెండు బార్లు వస్తుంది.

విసుగు గొంతు:

ఎవడొ | స్తేనేం | నా గది | అద్దే
తగ్గిం | దా ఒక | రూపా | యైనా?

బస్సు గొంతు:

నిలబడి | వచ్చా | రాతిరి | బస్సున
చుక్క సి | రాకే | ఇంతటి | దూరం

నోటు గొంతు:

ఇస్తే | తీస్కుని | నచ్చిన | వాడికి
వేసే | శానోయ్ | తప్పం | టారా?

బస్సు గొంతులో "నిలబడి" నాలుగూ లఘువులు, అంటే ఒక మాత్ర అక్షరాలు. పరిగెత్తినట్టు ఉంటుంది. నోటు గొంతు రెండో లైన్ మొత్తం గురువులే, అంటే రెండు మాత్రల అక్షరాలే. సుత్తితో కొట్టినట్టు పడుతుంది. మనిషి తత్వాన్ని బట్టి లఘువులా గురువులా అన్నది ఎంచుకోండి. ట్యూన్ సగం అక్కడే పుడుతుంది.

"రాత్రి బస్సులో" అని ఎందుకు రాయలేదంటారా? రాసి చూశాం. "రాత్రి" 3, "బస్సులో" 5. మొత్తం ఎనిమిదే, కానీ నాలుగు దగ్గర విరగదు. డ్రమ్మర్ మూడో బీట్ కొట్టకముందే "బ" వచ్చేసింది. "రాతిరి బస్సున" అనగానే కుదురుకుంది. కాస్త పాతకాలం మాటలా ఉందని మా గాయని సణిగింది గానీ, పాడేటప్పుడు ఎవరికీ తెలియలేదు.

ఏడు మాత్రల నడక కూడా బాగుంటుంది, మూడూ నాలుగుగా విరిగి కుంటినట్టు వెళ్తుంది. మొదటి పాటకి మాత్రం జోలికి పోకండి.

రాసేటప్పుడు రెండు కట్టుబాట్లు పెట్టుకోండి.

ఒకటి, చరణాల్లో "ఆలి" నిషేధం. మారాలి, కదలాలి, ప్రశ్నించాలి, సాధించాలి. తెలుగు క్రియలన్నీ అక్కడ ప్రాస కలుస్తాయి కాబట్టి చెయ్యి దానంతటదే అటు పోతుంది. నాలుగు "ఆలి"లు వరసగా పడితే పాట కాస్తా ప్రిన్సిపాల్ గారి ప్రసంగం అవుతుంది.

రెండు, ఎవరి యాస వాళ్ళదే. కరీంనగర్ కుర్రాడు "నాకేంది" అంటాడు, అననివ్వండి. "నాకేంటి" అన్నా "నాకేంది" అన్నా అయిదు మాత్రలే, లెక్క చెడదు. కానీ తనది కాని యాసలో పాడితే వెక్కిరింపులా ఉంటుంది.

## 5. పల్లవిని ప్రశ్నగా పెట్టండి

చరణాల్లో కొట్టుకున్నాక పల్లవిలో తీర్పు చెబితే ఓడిపోయిన గొంతు పాడేవాడికి పాట మీద ఆసక్తి పోతుంది. ముగ్గురూ మనస్ఫూర్తిగా కలిసి అరవగల మాట కావాలి. మాకు దొరికింది ఇది:

నీ మాటేంటీ?

ఎనిమిది మాత్రలు, ఒక బార్. నాలుగూ గురువులే కాబట్టి ఎంత సాగదీసినా అర్థం మారదు. హాలంతా కలిసి అరవడానికి ఇదే ముఖ్యం.

ఇక్కడ మేం తిన్న దెబ్బ చెప్పాలి. మొదట్లో పల్లవి "మనం" అనే మాటతో మొదలయ్యేది. "మ" హ్రస్వం. హుషారులో దాన్ని రెండు బీట్లు లాగాం. స్పీకర్లలోంచి "మానం, మానం" అని వచ్చింది. ముందు వరసలో అమ్మాయిలు ఒకటే నవ్వు. సామాజిక స్పృహ అంతా ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

కాబట్టి పల్లవిలో సాగే ప్రతి అక్షరం కిందా గీత పెట్టి, అది దీర్ఘమో సున్నానో అయ్యుందో లేదో చూసుకోండి. హ్రస్వం సాగుతోందంటే మాట మార్చండి, లేదా సాగుడిని పక్క అక్షరం మీదికి జరపండి.

## 6. సంగీతంలోనూ ముగ్గురూ వేరుగా వినబడాలి

టెంపో 120. లెక్కకి సుఖం, బార్ సరిగ్గా రెండు సెకన్లు. శ్రుతి ఈ మైనర్ (E minor). అందరూ ఒకే రకం వాయిద్యం మీద పాడితే ముగ్గురు మనుషులున్నారని ఎవరికీ తెలియదు. అందుకే:

- విసుగు గొంతు కింద: E పవర్ కార్డ్ మాత్రమే, పామ్ మ్యూట్‌తో (అరచేతి అంచుతో తీగల మోత అణచి). కార్డ్ మారదు, వాడి లోకం లాగే.
- బస్సు గొంతు కింద: గిటార్ తీగల్ని అణచకుండా మోగించండి. ఈ మైనర్, జి, డి. హై హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) ఎక్కడా ఆగకూడదు.
- నోటు గొంతు కింద: గిటార్ పూర్తిగా ఆపండి. బేస్, డ్రమ్స్ చాలు. తప్పో ఒప్పో చెప్పే మాట స్పష్టంగా వినబడాలి.
- పల్లవి: ఈ మైనర్, సి, జి, డి. అందరూ, ఫుల్ వాల్యూమ్‌లో.

శ్రుతి ఖాయం చేసే ముందు ముగ్గురి గొంతులూ ఎంత పైకి సుఖంగా వెళ్తాయో విడివిడిగా రాసుకోండి. పల్లవిలో పై స్వరం, ముగ్గురిలో తక్కువ పైకి వెళ్ళేవాళ్ళ హద్దుకి ఒక మెట్టు కిందే ఉండాలి. గది నిండా డ్రమ్స్ మోగుతుంటే ఎవరైనా అరుస్తారు, హద్దు దగ్గర అరిస్తే రెండో పాటకి గొంతు ఉండదు.

పాట వరస: ఇంట్రో 8 బార్లు, చరణం 8, పల్లవి 8, చరణం 8, పల్లవి 8, చరణం 8, గొడవ 16, చివరి పల్లవి 16. మొత్తం 80 బార్లు, 2 నిమిషాల 40 సెకన్లు. గిటార్ సోలో కావాలంటే ఇంకో 8 బార్లు, అంతకు మించి వద్దు.

## 7. గొడవ భాగం కట్టడం

అందరూ ఒకేసారి మాట్లాడితే అది గొడవలా వినబడదు, రొదలా వినబడుతుంది. చిట్కా ఏంటంటే, మాటల నిడివి మెట్టు మెట్టుగా సగానికి తగ్గించుకుంటూ రండి.

మొదటి ఎనిమిది బార్లు: ఒక్కొక్కరు రెండు బార్ల లైన్ పాడాలి, మిగిలిన రెండు బార్లూ వాయిద్యాలకి.

తర్వాత మూడు బార్లు: బార్‌కి ఒక్కరు.

ఎవడొస్తేనేం!
నిలబడి వచ్చా!
తప్పంటారా?

తర్వాత బార్‌కి ఇద్దరు, నాలుగేసి మాత్రలు. "అద్దే!" "బస్సున!" "తప్పా?" అంటూ మూడు బార్లు. పదిహేనో బార్‌లో ముగ్గురూ ఒకేసారి, ఎవరి మాట వాళ్ళు. పదహారో బార్ పూర్తి నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో ముగ్గురూ ఎడమ చూపుడు వేలు పైకెత్తాలి. సిరా ఉన్నవాళ్ళకి ఉంటుంది, లేనివాళ్ళకి ఉండదు. దీనికి మార్కర్ వాడండి, ఇంటికెళ్ళాక కడుక్కోవచ్చు.

డ్రమ్మర్‌కి ముందే చెప్పి ఉంచండి, ఆ బార్‌లో సింబల్ మీద చెయ్యి వేసి మోత ఆపాలని. మా డ్రమ్మర్ మూడు రిహార్సల్స్ మర్చిపోయాడు.

చివరి పల్లవి ఈ మైనర్‌కి తిరిగి రాకుండా డి దగ్గరే ఆపేయండి. ఇంకా ఏదో మిగిలిపోయినట్టు ఉంటుంది.

## 8. రిహార్సల్

ముందు వాయిద్యాలు లేకుండా చప్పట్లతో పాడండి. చప్పట్ల మీద కుదరని లైన్ గిటార్ మీద కూడా కుదరదు. తర్వాత మెట్రోనోమ్ 100 మీద, కుదిరాక 110, ఆ పైన 120.

ఒక రోజు గొంతులు మార్చుకుని పాడండి. విసుగు గొంతువాడు బస్సు చరణం, బస్సు గొంతు అమ్మాయి నోటు చరణం. వెటకారం తొంగి చూస్తే ఆ లైన్ ఇంకా ఎదుటివాళ్ళని ఓడించడానికే రాసి ఉందని అర్థం. తిరిగి రాయండి.

ప్రతి రిహార్సల్‌లో ఫోన్‌ని గదికి అవతలి మూల పెట్టి రికార్డ్ చెయ్యండి. ఆ రికార్డింగ్‌ని పాట తెలియని ఒకరికి వినిపించి, ఏ మాటలు అర్థమయ్యాయో రాయమనండి. మా చెల్లి రాసిన కాగితంలో "చుక్క సిరాకే" బదులు "చుక్క చిరాకే" అని ఉంది. అది కూడా బాగానే ఉందని కాసేపు ఆలోచించాం.

## 9. తరచూ వచ్చే తప్పులు, సరిచేసే తీరు

మాటలు వినబడట్లేదు: గిటార్ డిస్టార్షన్, గొంతులోని హల్లులు ఒకే చోట ఢీకొంటాయి. చరణంలో గెయిన్ (డిస్టార్షన్ ఎంతుండాలో తిప్పే నాబ్) సగానికి తగ్గించండి. మిక్సర్‌లో వీలుంటే గిటార్‌ని 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య కాస్త కొయ్యండి. గొంతు వాల్యూమ్ పెంచుకుంటూ పోతే కూత వస్తుంది తప్ప మాట రాదు.

పల్లవి రాగానే స్పీడ్ పెరుగుతోంది: డ్రమ్మర్ చెవిలో మెట్రోనోమ్ క్లిక్ పెట్టండి. ఇయర్‌ఫోన్ లేకపోతే బేసిస్టు, డ్రమ్మర్ ఎదురెదురుగా నిలబడాలి.

ఒక గొంతు హీరో అయిపోతోంది: ఎవరి చరణానికి చప్పట్లు వస్తాయో ముందే తెలిసిపోతుంటే మిగతా ఇద్దరికీ సరైన లైన్ దొరకలేదన్నమాట. రెండో మెట్టుకి వెళ్ళి రికార్డింగ్ మళ్ళీ వినండి.

పాటకి ముందు ఉపన్యాసం: "ఈ పాట ద్వారా మేము చెప్పదలచుకున్నది" అని మైక్ పట్టుకోకండి. పాట పేరు చెప్పి కౌంట్ ఇవ్వండి.

## 10. స్టేజి ఎక్కే ముందు

- లిరిక్స్ ఒక కాపీ నిర్వాహకులకి ముందే ఇచ్చారా? స్టేజి వెనక ఆఖరి నిమిషంలో గొడవ తప్పుతుంది.
- పార్టీ పేరు, గుర్తు, నాయకుడి పేరు ఎక్కడైనా పడ్డాయా? పడితే తీసేయండి. పేరు వచ్చిందంటే వినేవాళ్ళు పాట వదిలేసి పార్టీని పట్టుకుంటారు.
- ఏ లైన్ ఎవరు రాశారో, ట్యూన్ ఎవరిదో, తేదీతో సహా కాగితం మీద రాసి అందరూ సంతకం పెట్టారా? మన దేశంలో సాహిత్యం, సంగీతం మీద హక్కు రాసినవాళ్ళ తర్వాత కూడా 60 ఏళ్ళు ఉంటుంది. పాట హిట్టయ్యాక ఈ కాగితం రాయించుకోవడం చాలా కష్టం.
- ముగ్గురికీ మూడు మైకులు ఉన్నాయా? ఒకే మైక్ చేతులు మారితే గొడవ భాగం కుదరదు.
- గిటార్ తీగలు స్టేజి పక్కన మళ్ళీ శ్రుతి చేశారా? ఏసీ హాల్లోంచి బయటి స్టేజికి వస్తే తప్పకుండా జారతాయి.

పాట అయ్యాక జనం మాటలు వినడానికి అక్కడే కాసేపు ఉండండి. మేం దిగుతుంటే వెనక వరసలోంచి ఒక కుర్రాడు "అన్నా, మరి నేను నోటా! నాకు చరణం లేదేంటి?" అని అరిచాడు. నోటా మీట 2013 నుంచీ ఉంది, మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. వాణ్ని టీ దగ్గర కూర్చోబెట్టి ఫోన్‌లో పది నిమిషాలు రికార్డ్ చేశాం. తర్వాతి షోకి అది ఇలా తేలింది, నాలుగు నాలుగుగా విరుగుతుందో లేదో మీరే చూసుకోండి:

ఎవ్వరు నచ్చక నోటా నొక్కా
లెక్కిస్తారట, లెక్కే చెయ్యరు!

దీనికి చోటు కావాలని గిటార్ సోలో ఎనిమిది బార్లూ తీసేశాం. మా గిటారిస్టు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడు.